అవతలి కొస

అరవై గజాల తాడును నాగుల్ మీరా గుప్పిట్లోంచి మెల్లగా జారనిస్తున్నాడు. ఎడమ చేతిలోంచి వచ్చిన తాడు కుడిచేతి వేళ్ళ మధ్య ఒక్క క్షణం ఆగి, చుట్టలు చుట్టలుగా అతని కాళ్ళ దగ్గర పడుతోంది. కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఎక్కడ పోగు లేచినా, ఎక్కడ ఉప్పు గట్టిపడినా బొటనవేలు పట్టేస్తుంది. ఇరవయ్యారేళ్ళుగా ప్రతి ఉదయం ఇదే పని. కంపెనీవాళ్ళు ఏటా చేతి తొడుగులు ఇస్తారు. అవి విప్పని కవర్లలోనే అతని ఇంట్లో అటక మీద పడున్నాయి.

ఏడు దాటింది. సముద్రం మీద మంచు ఇంకా వీడలేదు. కృష్ణపట్నం కరెంటు కంపెనీల పొగగొట్టాల పై సగాలు మాత్రమే కనిపిస్తున్నాయి. వాటి కింద భూమి ఉందో లేదో ఎవరూ ఒట్టేసి చెప్పలేరు. ఈ పంపుహౌసు ముందు పెద్ద బావి ఉంది. సముద్రం ఒక కాలువ గుండా ఆ బావిలోకి వస్తుంది, అక్కణ్ణుంచి యంత్రాలను చల్లబరచడానికి లోపలికి పోతుంది. వచ్చేటప్పుడు ఊరికే రాదు. నాచు, గుల్లలు, చిరిగిన వలలు, దారితప్పిన జెల్లీ చేపలు వెంటేసుకొస్తుంది. అవన్నీ బావి అడుగున ఇనుప జాలీలకు అతుక్కుంటాయి. ఆ వైపు పంపు ఆపి, వాటిని గీకి తీయడానికి డైవరు దిగుతాడు. డైవరు నడుముకు తాడు ఉంటుంది. అవతలి కొస డైవరుది, ఇవతలి కొస నాగుల్ మీరాది. అంతే అతని ఉద్యోగం. కొత్తగా చూసేవాళ్ళకు, గేదెను మేతకు తోలుకొచ్చి పలుపు పట్టుకుని నిలబడ్డవాడిలా కనిపిస్తాడు.

పొట్టి మనిషి. తెల్లబడిన గడ్డం, కాస్త ముందుకు వంగిన భుజాలు, ఎన్నిసార్లు ఉతికినా ఉప్పు వదలని నీలం చొక్కా. అరచేతులు మాత్రం ఆ ఒంటికి సంబంధం లేనంత పెద్దవి. తాడు రాసుకుని రాసుకుని వాటిలో గీతలు చెరిగిపోయాయి. ముత్తుకూరు సంతలో చెయ్యి చూసి జాతకం చెప్పేవాడొకడు అతని చెయ్యి అటూ ఇటూ తిప్పి, "ఏం రాసి లేదే సాయిబూ" అని బిత్తరపోయి వదిలేశాడు. ఆ ముక్క నాగూర్‌బీకి చెబితే రెండు రోజులు నవ్వింది.

ఇవాళతో ఆ ఉద్యోగం సరి. అతనికి అరవై నిండాయి.

మంచులోంచి సూపర్‌వైజరు సుశీల్ కుమార్ వచ్చాడు. ముప్పై అయిదేళ్ళవాడు, మంచివాడు. మంచివాడు కావడం వల్లే చెడ్డ కబురు చెప్పేముందు ఫైలు తెరిచి మూసి తెరుస్తాడు.

"మీరన్నా, నీ చోటుకి మన కంప్రెసరు సమాధానం పేరే రాసినా. జడ్సన్ సంతకమే రావాల. తాడు పట్టే మనిషిని డైవరు ఒప్పుకోవాల గదా, రూలది. సాయంత్రం ఆరులోగా కాయితం పోకపోతే బయటినించి మనిషిని పంపిస్తారంట."

"మరి సమాధానం సంగతేంది?"

"వొకటో తేదీ నించి కంప్రెసరు పని మిషన్లోళ్ళకు పోతాది. తాడు రాకపోతే ఇంటికేనన్నా. నేను చెయ్యగలిగింది ఏమీ లేదు."

సమాధానం పది అడుగుల దూరంలోనే కంప్రెసరు తుడుస్తున్నాడు. నలభై అయిదేళ్ళ బక్క మనిషి. వినపడని ఎడమ చెవి ఇటువైపు ఉంది. అయినా తుడిచిన చోటే తుడుస్తున్నాడంటే వినపడిందన్న మాటే.

ఒకప్పుడు అతనూ డైవరే. పధ్నాలుగేళ్ళు దిగాడు. ఆ పధ్నాలుగేళ్ళూ అతని తాడు నాగుల్ మీరా చేతిలోనే ఉంది. మూడేళ్ళ కిందట లోతులో ఉండగా చెవిలో ఏదో పగిలింది. చెవిలోంచి నెత్తురు కారుతూ పైకి వచ్చిన మనిషి మళ్ళీ దిగలేదు. అప్పటినుంచి కంప్రెసరు దగ్గర కూర్చుని కింద ఉన్నవాళ్ళకు గాలి పంపుతున్నాడు. కిందటి కార్తీకంలో నాగుల్ మీరా కంటి ఆపరేషనుకు పది రోజులు నెల్లూరు వెళ్ళాల్సి వచ్చింది. ఆ పది రోజులకు తాడు సమాధానం చేతికి వచ్చింది. మూడో రోజునే జరగకూడనిది జరిగింది.

అడుగున చిరిగిన వలలో జడ్సన్ కాలు ఇరుక్కుంది. మూడుసార్లు తాడు లాగాడు. బదులు లేదు. మళ్ళీ మూడుసార్లు లాగాడు. బదులు లేదు. బ్లేడుతో వల కోసుకుని తనంతట తాను పైకి వచ్చాడు. వచ్చి చూస్తే తాడు బావి రెయిలింగు కడ్డీకి నాలుగు చుట్లు చుట్టి ఉంది. పక్కనే సమాధానం ఉత్త చేతులతో కూర్చుని ఉన్నాడు. "ఇప్పుడే, ఈ నిమిషమే చుట్టినా" అని నీళ్ళు నమిలాడు. జడ్సన్ ఒక్క మాటా అనలేదు. తిట్టి ఉంటే అదే రోజు పోయేది. తిట్టకపోవడం వల్ల అయిదు నెలలుగా అలాగే ఉంది.

మరి అదే సమాధానం పంపే గాలి పీలుస్తున్నాడు కదా అని ఎవరైనా అడగొచ్చు. గాలి ఆగితే మిషను గోల చేస్తుంది, నలుగురూ పరిగెత్తుకొస్తారు. తాడు ఆగితే కిందున్న ఒక్కడికే తెలుస్తుంది.

పోయిన నెల కంపెనీవాళ్ళు తోటి పనివాళ్ళ మధ్య నమ్మకం పెంచడానికని ఒక శిక్షణ పెట్టించారు. చల్లటి గది, గోడకు బ్యానరు, మనిషికో సమోసా. కళ్ళు మూసుకుని వెనక్కి పడిపోవాలి, వెనకున్నవాడు పట్టుకోవాలి, అదీ ఆట. జడ్సన్ వెనక సమాధానాన్ని నిలబెట్టారు. "పడిపోండి, పడిపోండి" అని శిక్షణ ఇవ్వడానికి వచ్చినావిడ ఎంత బతిమాలినా జడ్సన్ పాతిన గుంజలా నిలబడే ఉన్నాడు. చివరికి ఆవిడే చప్పట్లు కొట్టి, అందరూ బాగా చేశారని చెప్పి వెళ్ళిపోయింది.

ఎనిమిదింటికి జడ్సన్ సిద్ధమయ్యాడు. చిల్లకూరు నుంచి మోటారు సైకిలు మీద వచ్చే ముప్పై రెండేళ్ళ మనిషి. వెడల్పాటి భుజాలు, నడుముకు సీసం బిళ్ళల బెల్టు. దిగేముందు చేతులు జోడించి పెదాలు కదిలించాడు. తర్వాత నాగుల్ మీరా చేతులకేసి చూశాడు. దేవుడి తర్వాత చూడాల్సినవి అవే అన్నట్టు రోజూ చూస్తాడు. అద్దం మొహానికి లాక్కుని, గొట్టం నోట కరుచుకుని నిచ్చెన దిగి మాయమయ్యాడు.

ఒకసారి లాగితే, బాగున్నావా అని. తిరిగి ఒకసారి లాగితే, బాగున్నానని. రెండుసార్లయితే తాడు వదలమని. మూడుసార్లయితే పైకి లాగమని. ఇన్నేళ్ళలో ఇంతకుమించి మాటలు అవసరం రాలేదు. ఇంతకన్నా తక్కువ మాటలతో గడిచిపోతున్న సంసారాలు బోలెడు.

తాడు చేతిలో ఉన్నవాడితో ఎవరూ మాట్లాడకూడదు. ఈ రూలు ఏ ఫైలులోనూ లేదు, నాగుల్ మీరా పెట్టుకున్నది. పెద్ద ఆఫీసర్లు వచ్చినా వేలు పెదవి మీద పెట్టుకుని పక్కనుంచి పోతారు. అత్తగారు పోయిన కబురు నలభై నిమిషాలు అతని వెనకే నిలబడి ఎదురుచూసింది. శ్రీహరికోటలో రాకెట్టు లేచిన రోజుల్లో పంపుహౌసంతా బయటికొచ్చి దక్షిణం వైపు మెడలు సాచి చూస్తుంటే, అతను మాత్రం కళ్ళు మూసుకుని నిలబడి ఉంటాడు. ఇన్ని రాకెట్లు పోయాయి, ఒక్కటీ చూడలేదు.

కళ్ళు మూసుకుంటాడు కాబట్టి నిద్రపోతున్నాడని కొందరు, లోపల జపం చేసుకుంటున్నాడని కొందరు అనుకుంటారు. అతను కాదనలేదు, ఔననలేదు.

నిజానికి కాసేపటికి అతనికి ఒడ్డు ఉండదు. తాడు వేళ్ళకు అతుక్కుని, వేళ్ళే పొడుగ్గా సాగి నీళ్ళలోకి దిగినట్టుంటుంది. కింద మనిషి వంగితే తెలుస్తుంది, విసుక్కుంటే తెలుస్తుంది. ఇంట్లో పోట్లాడి వచ్చినవాడి తాడు కొంచెం బిర్రుగా ఉంటుంది. మగతలాంటి ఆ వేళల్లో అతని బతుకంతా ఒక వరసంటూ లేకుండా వచ్చి పోతూ ఉంటుంది. నాన్న సైకిలు షాపులో పంక్చరు వేసిన ట్యూబును నీళ్ళ బొచ్చెలో ముంచితే లేచే బుడగలు. పెళ్ళిలో ముసుగు సందులోంచి కనిపించిన నాగూర్‌బీ ముక్కు కొస. బిడ్డలు పుట్టలేదు. ఆ దిగులు ఒకప్పుడు చాలా ఉండేది, ఎప్పుడు తగ్గిందో ఇద్దరికీ గుర్తు లేదు.

నిద్రలో అతని చెయ్యి దుప్పటిని ఒకసారి లాగుతుంది. పక్కన నాగూర్‌బీ నిద్రలోనే తిరిగి ఒకసారి లాగుతుంది. లాగకపోతే అతను ఉలిక్కిపడి లేచి కూర్చుంటాడని ఈ ఉద్యోగం వచ్చిన కొత్తలోనే కనిపెట్టింది. ఇవాళ పొద్దున క్యారియరు కడుతూ, "రేపటినించన్నా నా దుప్పటి నన్ను కప్పుకోనిస్తారా?" అని అడిగింది. అతను నవ్వాడు. దుప్పటి సంగతి వాళ్ళిద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు.

పదకొండున్నరకు జడ్సన్ పైకి వచ్చాడు. మంచు పోయి ఎండ వచ్చింది కానీ ఆ ఎండ కూడా తెల్లగా, పలచగా, కలలోదానిలా ఉంది. బావిలో నీళ్ళు ఊపిరి తీసుకుంటున్నట్టు లేస్తున్నాయి, పడుతున్నాయి.

నాగూర్‌బీ ముగ్గురికీ సరిపడా ఖుష్కా అన్నం, గుడ్ల కూర పంపింది. సమాధానం తన వాటా తీసుకుని కంప్రెసరు వెనక్కి పోయి కూర్చున్నాడు. అయిదు నెలలుగా అతని చోటు అదే. గోడ నీడలో జడ్సన్ పక్కన కూర్చుని నాగుల్ మీరా చాలాసేపు అన్నం కలిపాడు.

"జడ్సనూ, ఆ కాయితం మింద సంతకం పెట్టబ్బయా."

"నువ్వు ఇంకో ఏడాది ఉండన్నా, నూరు కాయితాల మింద పెడతా."

"నేనుండను గదా."

"ఐతే ఎవుడొస్తాడో రానీ. తెలియనోడే మేలు. తెలిసినోడు నన్ను కడ్డీకి కట్టేసినాడు."

"తప్పు చేసినాడు. కానీ వొదిలేసి పోలా. ఆడనే ఉన్నాడు."

"ఆడుండాడని నాకెట్ట తెలస్తాదన్నా?" జడ్సన్ గొంతు లేచింది. "కిందున్నోడికి పైన మనిషి ఉండాడో ఇనుం ఉండాదో ఏం తెలస్తాది? మూడు మార్లు లాగినా. మళ్ళా మూడు మార్లు. నా కూతురు మొకం కనబడింది నాకు. ఒడ్డున నిలబడి ఎన్నైనా చెప్పొచ్చులేన్నా. నువ్వు ఒక్కసారన్నా దిగినావా?"

ఆ మాట నాగుల్ మీరాకు గట్టిగానే తగిలింది. జడ్సన్ వెంటనే తల వంచుకున్నాడు. కానీ అన్నమాట అన్నదే. కంప్రెసరు వెనక చెంచా చప్పుడు ఆగిపోయింది.

ఒక్కసారి కూడా దిగలేదు. ఎనిమిదేళ్ళప్పుడు కండలేరులో పడ్డాడు. నాన్న జుట్టు పట్టుకుని లాగేవరకు తాగిన నీళ్ళు అతనింకా తాగుతూనే ఉన్నాడు. ఈత నేర్చుకోలేదు. సముద్రం పక్కన పని దొరికినప్పుడు, తడవనక్కర్లేని కొస అని ఈ తాడు పట్టుకున్నాడు. ఇరవయ్యారేళ్ళు కళ్ళు మూసుకున్నది నిద్రతోనూ కాదు, జపంతోనూ కాదు. నీళ్ళు చూడలేక. ఇది నాగూర్‌బీకి కూడా పూర్తిగా చెప్పలేదు. సిగ్గు.

అతను లేచి చెయ్యి కడుక్కున్నాడు. తాడు కొస తీసి నడుముకు చుట్టుకుని, వేల సార్లు ఇతరులకు వేసిన ముడి మొదటిసారి తనకు వేసుకున్నాడు. కంప్రెసరు వెనక్కి వెళ్ళి తాడు చుట్ట సమాధానం ముందు పెట్టాడు.

"పట్టుకో."

సమాధానం వెనక్కి జరిగాడు. "వద్దన్నా. నా చేతికియ్యబాక."

"మరెవురికియ్యాల?"

"నీకు ఈత రాదు గదన్నా!" అని జడ్సన్ పరిగెత్తుకొచ్చాడు.

"తాడుంటే ఈతెందుకు? నువ్వు కంప్రెసరు చూడు."

చొక్కా విప్పలేదు. ముసలి ఒళ్ళు నలుగురికి చూపించడం అతనికి ఇష్టం లేదు. జడ్సన్ అద్దం సరిచేశాడు, గొట్టం నోటికి అందించాడు, ఎట్లా ఊపిరి తీయాలో రెండుసార్లు తీసి చూపించాడు. అతని చేతులు గబగబా పనిచేస్తున్నాయి, కళ్ళు మాత్రం సమాధానం మీదే ఉన్నాయి. సుశీల్ కుమార్ ఆఫీసులో ఉండబట్టి సరిపోయింది గానీ, ఇక్కడే ఉంటే ఫైలు తెరిచి ఉండేవాడు.

నిచ్చెన మెట్లకు పాకుడు పట్టింది. ఆరో మెట్టు దగ్గర నీళ్ళు గుండెకు వచ్చాయి. ఎనిమిదేళ్ళ పిల్లవాడు లోపల కేకలు పెడుతున్నాడు. ఏడో మెట్టు. ఎనిమిది. సముద్రం అతని తల మీద తలుపు మూసింది.

ముందు చప్పుడు వినిపించింది. తన ఊపిరి తనకే, పక్కింట్లో ఎవరో పడుకుని తీస్తున్నట్టు. అవతలి పంపు దూరంగా గుమ్మని మోగుతోంది. తర్వాత వెలుతురు. ఆకుపచ్చ, దానిలో బంగారు నలుసులు, అవి పడవు, లేవవు. ఉడికీ ఉడకని కోడిగుడ్డు తెల్లసొనలా ఒక జెల్లీ చేప అతని మోచేతి పక్కనుంచి ఏ పనీ లేనట్టు పోయింది. ఇదన్న మాట. ఇన్నేళ్ళూ తాడు చివర ఉన్నది ఇదన్న మాట.

పదమూడో మెట్టు పట్టుకుని, తాడు ఒకసారి లాగాడు.

బదులు రాలేదు.

ఒక ఊపిరి. పైన ఎవరూ లేరేమో. రెండో ఊపిరి. పైన అసలు ఏమీ లేదేమో, పంపుహౌసు, ముత్తుకూరు, నాగూర్‌బీ, అన్నీ తాను కన్న కల అయ్యుండొచ్చు. అప్పుడు నడుము దగ్గర తాడు ఒకసారి బిగిసి వదిలింది.

పైన అది రెప్ప వేసినంత సేపు. నాగుల్ మీరాకు తెలుసు, ఎందుకంటే పైన తాను అంతకన్నా ఎక్కువే తీసుకునేవాడు. తొందరేముందిలే అనుకుని, పట్టు సరిచేసుకుని, చెమట తుడుచుకుని అప్పుడు లాగేవాడు. ఆ తొందరేముందిలే కింద ఇంత పొడుగ్గా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. ఇన్నేళ్ళు తనను మహా నమ్మకస్తుడన్నారు, తానూ నమ్మాడు. ఎంతమందిని ఎన్నిసార్లు ఇలా ఒంటరిగా నిలబెట్టాడో! క్షమించమని అడగడానికి వాళ్ళలో సగం మంది ఎక్కడున్నారో కూడా తెలియదు.

కాసేపటికి భయం పోయింది. పోయిందని కూడా తెలియలేదు. కాళ్ళు తేలికయ్యాయి. చొక్కా ఉబ్బి అతని చుట్టూ మెల్లగా ఆడుతోంది. చిన్న చేపలు వచ్చి బొత్తాలను ముక్కుతో పొడిచి చూస్తున్నాయి. నాన్న సైకిలు షాపు బొచ్చెలోని బుడగలు ఇప్పుడు తన పక్కనుంచే పైకి పోతున్నాయి. కండలేరు ఇంత అందంగా ఉండి ఉంటుందా? అప్పుడు ఎవరూ చూడనివ్వలేదు. ఎంతసేపు అలా ఉన్నాడో. తాడు సంగతే మరిచిపోయాడు.

తాడు అతన్ని మరిచిపోలేదు. ఒకసారి లాగింది. బాగున్నావా అని, తాను అడగకముందే, పైనుంచే.

నాగుల్ మీరా తాడును వేళ్ళ మధ్యకు తీసుకున్నాడు. అలవాటు కొద్దీ కళ్ళు మూసుకున్నాడు. తాడులో సన్నటి వణుకు ఉంది. అలకు వచ్చే వణుకు అతనికి తెలుసు, గాలికి వచ్చేది తెలుసు, చేప తగిలితే వచ్చేది తెలుసు. ఇది అవేవీ కాదు. ఇది చెయ్యి. భయపడి చచ్చిపోతూ కూడా వదలని చెయ్యి. ఇనుప కడ్డీ వణకదు. అద్దం లోపల అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటిని తుడుచుకోవడానికి అక్కడ వీల్లేదు, తుడుచుకోమనేవాళ్ళూ లేరు. హాయిగా ఏడ్చాడు.

తర్వాత మూడుసార్లు లాగాడు.

పైకి వచ్చేసరికి సమాధానం నేల మీద కూలబడి ఉన్నాడు. బావికి వీపు పెట్టాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. తాడు రెండు చేతుల్లోనూ ఉంది. చెమటకు చొక్కా అంతా తడిసి, నీళ్ళలోంచి వచ్చింది ఎవరో చెప్పడం కష్టంగా ఉంది. కంప్రెసరు పక్కన జడ్సన్ నిలబడి ఇంతసేపూ ఆ చేతులనే చూస్తున్నాడు.

సమాధానం కళ్ళు తెరవకుండానే మాట్లాడాడు.

"జడ్సనూ, ఆ పొద్దు ఇప్పుడే చుట్టినా అన్నా గదా, అబద్ధం. నువ్వు దిగంగానే చుట్టేసినా. చెవి పొయ్యినకాణ్ణించి నీళ్ళు చూస్తే నాకు తల తిరగతాది. తాడు పట్టుకోని నేను గూడా పడితే ఇద్దరం పోతాం అనుకున్నా. కడ్డీ ఐతే పడదు గదా అని... చెప్తే ఉండే పని గూడా పోతాదని చెప్పలా."

"ఐదు నెలలు" అన్నాడు జడ్సన్. "ఐదు నెలలు నోరు మూసుకోనుంటివే."

"నువ్వడగలా."

"నువ్వు చెప్పాల."

నాగుల్ మీరా మెట్టు మీద కూర్చుని దగ్గుతున్నాడు. ముక్కులోంచి, గడ్డంలోంచి ఉప్పునీళ్ళు కారుతున్నాయి.

"ఒరే సమాధానం, నీళ్ళు నిన్నెవురు చూడమన్నార్రా? నేనెప్పుడన్నా చూసినానా?"

ఇద్దరూ అతనివైపు తిరిగారు.

"నిద్రా గాదు, జపమూ గాదు. భయం. పసితనం నించి. తాడు చేత్తో పట్టుకునేది, కంటితో గాదు."

ముందు జడ్సన్ నవ్వాడు. ఆపుకోలేక, కడుపు పట్టుకుని. "ఇరవయ్యారేండ్లు భయంతో మమ్మల్ని పట్టుకోనుండావా అన్నా? దేవుడా!" అంటూ తన పొడి బనియను తెచ్చి ముసలాయన ఒళ్ళో పడేశాడు. నాగుల్ మీరా పంపుహౌసు గది మూలకు పోయి తడి చొక్కా విప్పి, పిండకుండానే రెయిలింగు మీద ఆరేశాడు. బనియను అతనికి మోకాళ్ళ దాకా వచ్చింది. పాత యూనిఫాం ప్యాంటొకటి దొరికితే తొడుక్కుని, కాళ్ళు రెండు మడతలు పెట్టుకున్నాడు.

రెండున్నరకు రెండో వైపు జాలీలు గీకాలి. సుశీల్ కుమార్ కాగితం పట్టుకుని వచ్చాడు. బనియనులో ఉన్న నాగుల్ మీరాను చూసి ఏదో అడగబోయి, అడక్కపోవడమే మంచిదని ఊరుకున్నాడు. జడ్సన్ బెల్టు బిగించుకున్నాడు, ముడి వేసుకున్నాడు. చేతులు జోడించి పెదాలు కదిలించాడు. ఆ తర్వాత ఎప్పటిలా నాగుల్ మీరా చేతులవైపు చూశాడు. నాగుల్ మీరా చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

జడ్సన్ ఒక్క క్షణం నిలబడ్డాడు. వంగి తాడు చుట్ట ఎత్తి, నేల మీద బావికి వీపు పెట్టి కూర్చున్న సమాధానం ఒళ్ళో పెట్టాడు.

"తల తిరిగితే చెప్పు. కేకెయ్. మీరన్న ఉండినా లేకపోయినా, ఎవురో ఒకరు వస్తారు. చెప్పకుండా మాత్రం ఉండబాక."

సమాధానం తల ఊపాడు.

"జడ్సన్, సంతకం..." అన్నాడు సుశీల్ కుమార్.

"పైకొచ్చినాక పెడతాలే సార్. చెయ్యి తడి" అని, ఇంకా నీళ్ళలోకి దిగని పొడి చెయ్యి ఊపి, జడ్సన్ దిగిపోయాడు.

నాగుల్ మీరా కంప్రెసరు దగ్గర కూర్చున్నాడు. చేతులతో ఏం చేయాలో తెలియడం లేదు. ఒడిలో పెట్టాడు, మోకాళ్ళ మీద పెట్టాడు. తాడు బావి అంచున మెల్లగా కదులుతోంది. ఉన్నట్టుండి అది బిగిసింది. ఆ క్షణంలోనే, రెప్ప కూడా పడకముందే, సమాధానం తిరిగి లాగాడు. తాను ఏనాడూ అంత త్వరగా లాగలేదు. గాలిలో నాగుల్ మీరా చెయ్యి కూడా ఒకసారి కదిలింది, దానికి అందుకోవడానికి ఏమీ లేదు. సంతోషం వేసింది. చాలా దుఃఖం కూడా వేసింది. రెండూ ఒకేసారి వస్తే మనిషి ఏం చేస్తాడు, కూర్చుంటాడు.

సుశీల్ కుమార్ మిషన్లవాళ్ళలో ఒకతన్ని కంప్రెసరు దగ్గర పెట్టాడు. మూడుంపావుకు ముత్తుకూరు పోయే కంపెనీ బస్సు గేటు దగ్గర హారను కొట్టింది. నాగుల్ మీరా లేచి ఖాళీ క్యారియరు, తడి ప్యాంటు చుట్టిన కవరు తీసుకున్నాడు. సమాధానం వెనక నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు. ఆ మనిషి మెడ, నెరిసిన వెంట్రుకలు, వినపడని చెవి, కళ్ళు మూసుకున్న మొహం కొంచెం కనిపిస్తున్నాయి. పధ్నాలుగేళ్ళు ఒకే తాడుకు రెండు చివర్లా ఉన్నవాళ్ళు. పోయొస్తానురా అని ఒక్క మాట చెబితే బాగుండును. పేరు పెట్టి పిలిస్తే బాగుండును. తాడు చేతిలో ఉన్నవాడితో ఎవరూ మాట్లాడకూడదు. ఆ రూలు పెట్టింది తానే.

చప్పుడు కాకుండా వెనక్కి నడిచాడు.

సుశీల్ కుమార్ గేటు దాకా వచ్చాడు. "జడ్సన్ పైకొచ్చేదాకా ఉండొచ్చు గదన్నా. శాలువా గూడా తెప్పిస్తా ఉన్నా."

"వాడు పైకి రాంగానే నేను ఎదురుగా కనబడినాననుకో, తాడు మళ్ళా నాకే ఇస్తాడు సార్."

సుశీల్ కుమార్ ఏదో అనాలని ఫైలు తెరిచాడు. ఏమీ దొరక్క మూశాడు. నాగుల్ మీరా కంటే ఇరవై అయిదేళ్ళు చిన్నవాడు, వంగి ఆ పెద్ద అరచేతులు రెండూ పట్టుకున్నాడు. బస్సు కదిలింది. జడ్సన్ బనియను వేసుకుని కిటికీ పక్కన కూర్చున్న పొట్టి మనిషి, రోడ్డు మలుపు దాకా కనిపించాడు.

పంపుహౌసులో ఎవరూ మాట్లాడటం లేదు. తాడు ఒకసారి బిగిసి వదులైంది, తిరిగి ఒకసారి బిగిసింది. రెయిలింగు మీద అతను మరిచిపోయిన నీలం చొక్కా ఇంకా ఆరలేదు, రెండు చేతుల చివర్ల నుంచీ చుక్క తర్వాత చుక్కగా నీళ్ళు బావిలోకి కారుతున్నాయి.